అనువాదాలు ఒకదానితో ఒకటి కుదరనప్పుడు: ఇంకో బైబిలా, స్ట్రాంగ్స్ నంబరా, వ్యాఖ్యానమా?

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న బైబిల్ స్టడీలో యోహాను 21వ అధ్యాయం చెప్పే పని నా మీద పడింది. ముందురోజు రాత్రి ఫోన్‌లో గ్రీకు పదాలు వెతికి, నిధి దొరికిందనుకున్నాను. యేసు పేతురును "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడుగుతాడు కదా, తెలుగులో మూడుసార్లూ ప్రేమే, కానీ గ్రీకులో మొదటి రెండుసార్లు అగపావో, మూడోసారి ఫిలెయో, పేతురు మాత్రం మూడుసార్లూ ఫిలెయో అనే జవాబిస్తాడు. ఇంకేం, యేసు దైవప్రేమ అడిగాడు, పేతురు స్నేహం దగ్గరే ఆగిపోయాడు, చివరికి యేసే ఒక మెట్టు దిగాడు అని చెప్పేశాను. బాగా పండింది. ఇద్దరు నోట్స్ కూడా రాసుకున్నారు.

అయిపోయాక వెనక వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు, రిటైరైన టీచరు, నెమ్మదిగా అడిగారు: "బాబూ, తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడు అని ఇదే సువార్తలో 3:35లో ఉంది, 5:20లో ఉంది. అక్కడ గ్రీకులో ఏముందో చూశావా?" చూడలేదు. ఇంటికెళ్లి చూస్తే 3:35లో అగపావో, 5:20లో ఫిలెయో. ఇప్పుడు తండ్రి కూడా కుమారుణ్ని స్నేహం వరకే ప్రేమిస్తున్నాడని చెప్పాలా? ఇంకాస్త తవ్వితే పరువు ఇంకాస్త పోయింది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో 2 సమూయేలు 13లో తామారు మీద అమ్నోనుకు పుట్టిన ఆ పాడు కోరికకు కూడా అగపావోనే వాడారు. 2 తిమోతి 4:10లో దేమా ఈ లోకాన్ని ప్రేమించి పౌలును వదిలిపోయిన చోట ఉన్నదీ అగపావోనే, పైగా మన పాత తెలుగు బైబిల్లో అక్కడ "యిహలోకమును స్నేహించి" అని ఉంటుంది! నేను ఏ మాటను దైవప్రేమ అన్నానో దాన్నే మనవాళ్లు స్నేహం అని రాశారు.

యోహాను 21లో ఆ రెండు మాటల మార్పుకు ఏదో ఉద్దేశం ఉందనే పండితులు ఇప్పటికీ ఉన్నారు, కాదనను. కానీ అదే మూడు వచనాల్లో గొఱ్ఱెపిల్లలు ఒకచోట, గొఱ్ఱెలు ఇంకోచోట, మేపుము ఒకచోట, కాయుము ఇంకోచోట ఉన్నాయి, పాత తెలుగు అనువాదం ఆ తేడా చక్కగా పట్టుకుంది కూడా. దాని మీద ఎవరూ ప్రసంగం చేయరు. యోహానుకు మాట మార్చి చెప్పడం అలవాటు అనుకుంటే సరిపోతుందని నాకిప్పుడు అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఎన్‌ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) వాళ్లు 1984 ముద్రణలో మొదటి రెండుచోట్ల "నిజంగా ప్రేమిస్తున్నావా" అన్న అర్థం వచ్చేలా రాసి తేడా చూపించారు, 2011కి వచ్చేసరికి ఆ "నిజంగా" తీసేశారు.

ఈ దెబ్బ తర్వాత నాకొక అలవాటు వచ్చింది. రెండు అనువాదాల మధ్య తేడా కనిపించగానే "మూలంలో ఏముంది" అని పరుగెత్తను, "ఈ తేడా ఎందుకొచ్చింది" అని ముందు అడుగుతాను. ఎందుకంటే తేడాలన్నీ ఒక జాతివి కావు, ఒక్కోదానికి ఒక్కో పనిముట్టు కావాలి.

తేడా ఎక్కడ పుట్టింది

కొన్ని తేడాలు అసలు అనువాదానివి కావు, చేతిరాత ప్రతులవి. కేజేవీలో, అంటే పాత కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో, మత్తయి 18:11 ఉంటుంది, ఎన్‌ఐవీలో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. "వచనాలు తీసేశారు" అని వాట్సాప్‌లో తిరిగే టెన్షన్ అంతా ఇదే. 1611 నాటి కేజేవీ కొత్త నిబంధనకు ఆధారం డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లో మొదట అచ్చువేయించిన గ్రీకు కొత్త నిబంధన, ఆ తర్వాత దాన్ని దిద్దుకుంటూ వచ్చిన ముద్రణలు. 4వ శతాబ్దపు సైనాయ్ ప్రతి ఆయన చూడలేదు, అది పండితుల చేతికొచ్చింది 19వ శతాబ్దంలో. ఆ ప్రతిలోనూ, దాని ఈడుదే అయిన వాటికన్ ప్రతిలోనూ మార్కు 16:9-20 లేదు. 1 యోహాను 5:7లో పరలోకంలో తండ్రి, వాక్యం, ఆత్మ అనే ముగ్గురు సాక్షుల మాట ఎరాస్మస్ మొదటి రెండు ముద్రణల్లోనూ లేదు, 1522లో వచ్చిన మూడోదాంట్లో చేరింది. ఇలాంటిచోట మీరు గ్రీకు నిఘంటువు ఎంత తిరగేసినా లాభం లేదు, కావాల్సింది పేజీ అడుగున ఉన్న గమనిక. గమనికలు లేని బైబిలు యాప్‌లో చదివేవాళ్లకు ఈ ముక్క అసలు కనబడదు, అందుకే గాభరా.

రెండో రకం, ఒకే మూలపదానికి రెండు మూడు అర్థాలుండటం. మూడోది, మన భాష అనువాదకుణ్ని ఏదో ఒకటి ఎంచుకోక తప్పని స్థితిలో పెట్టడం, దీని గురించి జనం దాదాపు మాట్లాడరు. గ్రీకులో "మనం", "మేము" అనే తేడా లేదు, రెంటికీ ఒకటే మాట. తెలుగులో ఆ తేడా లేకుండా వాక్యం నడవదు. మార్కు 4:38లో తుఫానులో పడవ మునిగిపోతుంటే శిష్యులు నిద్రపోతున్న యేసును లేపి అన్నమాట మన బైబిల్లో "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అని ఉంది. ఆయన కూడా అదే పడవలో ఉన్నాడు! "మనం" అని వేసి ఉంటే పడవ మునిగితే ఆయన కూడా పోతాడని వాళ్లు భయపడ్డట్టు, "మేము" అంటే ఆయనకేమీ కాదు, పోయేది మేమే అన్నట్టు. అనువాదకుడు ఒకటి ఎంచుకున్నాడు, ఎంచుకోక తప్పదు. అందుకని ఈ "మేము" మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు, అది మార్కు మాట కాదు, తెలుగు వ్యాకరణం. సువార్తల్లో యేసును "ఆయన" అనడం, ఇంకొకరిని "అతడు" లేదా "వాడు" అనడం కూడా ఇంతే, గ్రీకులో ఆ మర్యాద మెట్లు లేవు.

ఇంకో చిక్కు, కొత్త నిబంధన రచయితలే అనువాదం వాడారు. మీ బైబిలు తీసి కీర్తన 40:6, హెబ్రీ 10:5 పక్కపక్కన పెట్టండి. ఒకచోట "నీవు నాకు చెవులు నిర్మించియున్నావు", ఇంకోచోట అదే వచనం ఎత్తి చెప్తూ "నాకొక శరీరమును అమర్చితివి". తెలుగు అనువాదకుల తప్పేమీ లేదు, కీర్తన హీబ్రూ నుంచి చేశారు, హెబ్రీ పత్రిక రచయిత మాత్రం గ్రీకు అనువాదంలో ఉన్న రూపాన్ని ఎత్తుకున్నాడు. "మూలం ఒక్కటే ప్రమాణం, అనువాదం అంతా నీళ్లు కలిపిన పాలు" అనేవాళ్లు ఈ రెండు వచనాల దగ్గర కాసేపు ఆగాలి.

సరే, ఇప్పుడు చేతిలో ఉన్న దారులు చూద్దాం.

మాటకు మాట అనువాదం ఒక్కటే పట్టుకోవడం

చాలామంది పెద్దవాళ్లు చేసేది ఇదే, మన ఓవీ బైబిలు (ఓల్డ్ వెర్షన్, ఇందాకటి పాత తెలుగు అనువాదమే), ఇంగ్లీషులో అయితే కేజేవీ లేదా ఈఎస్‌వీ (ఇంగ్లీష్ స్టాండర్డ్ వెర్షన్). దీంట్లో గొప్ప లాభం, మూలంలో ఉన్న వంకర మీకు కనిపిస్తుంది, అనువాదకుడు దాన్ని చదును చేయడు. నష్టం కూడా అదే. ఆమోసు 4:6 తీయండి, "మీ పట్టణములన్నిటిలోను నేను మీకు దంతశుద్ధి కలుగజేసినను" అని దేవుడు అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేదో మంచి పనే కదా, మరి కోపమెందుకు అనుకున్నాను. హీబ్రూలో మాటకు మాట ఉన్నది పళ్ల శుభ్రతే, తినడానికేమీ లేక పళ్లకు ఏమీ అంటలేదని, అంటే కరువు. ఎన్‌ఐవీ "ఖాళీ కడుపులు" అని రాసి వదిలేసింది. ఏది నమ్మకమైన అనువాదం? పోలిక పోకూడదంటే మొదటిది, విషయం పోకూడదంటే రెండోది, నన్నడిగితే ఆమోసు వినేవాళ్లకు నవ్వు రాలేదు కాబట్టి నాకూ రాకూడదు, అంటే ఇక్కడ రెండోదే మేలు.

ఒక్క అనువాదమే పట్టుకుంటే ఇంకో ప్రమాదం, ఒకే తెలుగు మాట రెండు మూలపదాలను మింగేస్తుంది. రోమా 12:1లో దేవునికి సమర్పించుకోమన్న "శరీరములు" గ్రీకులో సోమా, అంటే ఒళ్లు, గలతీ 5:19లో "శరీరకార్యములు" అన్నచోట సార్క్స్, అక్కడ దానర్థం పాపం వైపు లాగే మనిషి స్వభావం. తెలుగు ఒక్కటే చదివేవాడికి దేవుడికిచ్చే ఆ శరీరమే పాపానికి పుట్టిల్లు అనిపించి, ఒళ్లే చెడ్డది అనే దాకా వెళ్తాడు. పౌలు అలా అనలేదు.

రెండు మూడు అనువాదాలు పక్కపక్కన

నా ఓటు దీనికే, కాస్త ఆగి చెప్తాను ఎందుకో.

యాకోబు 1:13 చాలామందిని ఇబ్బంది పెడుతుంది. "ఆయన ఎవనిని శోధింపడు" అని ఉంది. కానీ హెబ్రీ 11:17లో "అబ్రాహాము శోధింపబడి" ఇస్సాకును అర్పించాడని ఉంది, శోధించింది ఎవరు? దేవుడే, ఆదికాండం 22:1లో చూస్తే "దేవుడు అబ్రాహామును పరిశోధించెను". ఓవీ ఒక్కటే ఉన్నవాడికి ఇది పచ్చి వైరుధ్యం. పైగా నేటి తెలుగులో పరిశోధన అంటే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేది. ఇప్పుడు పక్కన ఎన్‌ఐవీ పెట్టండి, యాకోబు దగ్గర పాపానికి లాగే ప్రేరేపణ అన్న మాట, అబ్రాహాము దగ్గర పరీక్ష అన్న మాట కనిపిస్తాయి, ముడి సగం విడిపోయింది. గ్రీకులో రెండుచోట్లా ఉన్నది పెయిరాజో అనే ఒకటే క్రియ, దానికి పరీక్షించడం అనే అర్థమూ ఉంది, పాపంలోకి లాగడం అనే అర్థమూ ఉంది. యాకోబు అదే అధ్యాయం 2వ వచనంలో "నానా విధములైన శోధనలలో పడునప్పుడు" ఆనందించమన్నప్పుడు మొదటి అర్థం, 13లో రెండోది, ఎందుకంటే 14లోనే "స్వకీయమైన దురాశ" గురించి చెప్తున్నాడు. చూశారా, గ్రీకు తెలిసినా చివరికి తేల్చింది పక్క వచనమే. రెండు అనువాదాలు పక్కన పెట్టుకున్నవాడు గ్రీకు అక్షరం ముక్క రాకపోయినా ఇక్కడిదాకా వచ్చేస్తాడు.

ఎంచుకోవడంలో కిటుకు ఒకటుంది. ఒకే జాతివి మూడు పెట్టుకుంటే ఒకే మనిషిని మూడుసార్లు అడిగినట్టే. మాటకు మాట వెళ్లేది ఒకటి, భావానికి వెళ్లేది ఒకటి ఉండాలి. తెలుగులో ఓవీ పక్కన వాడుక భాషలో ఉన్న సమకాలీన అనువాదం, ఇంగ్లీషు వస్తే ఈఎస్‌వీ పక్కన భావానికి వెళ్లే ఎన్‌ఎల్‌టీ (న్యూ లివింగ్ ట్రాన్స్‌లేషన్). రెండూ ఒకే మాట చెప్తే సాధారణంగా అక్కడ గొడవ లేదు, ముందుకు పోవచ్చు. విడిపోయినచోటే గీత గీసి ఆగాలి, ఒక అధ్యాయంలో అలాంటివి మహా అయితే నాలుగైదు వస్తాయి. ఒక జాగ్రత్త, నచ్చిన అర్థం దొరికేదాకా అనువాదాలు మార్చుకుంటూ పోవడం పోల్చడం కాదు, అది బేరం.

స్ట్రాంగ్స్ నంబర్లు, అంతరపంక్తి బైబిళ్లు

అంతరపంక్తి బైబిలంటే మూలం వరసల మధ్యే మాటకు మాట అనువాదం ఉండేది. అందరూ ఇష్టపడేది ఇదే, నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో తెచ్చిన ఆ పుస్తకం కేజేవీలోని ప్రతి మాటా ఎక్కడెక్కడ వస్తుందో చూపించే సూచిక, వెనక హీబ్రూ పదాలకు 8674, గ్రీకు పదాలకు 5624 దాకా నంబర్లు. అద్భుతమైన పని, ఈ రోజుకీ ప్రతి యాప్‌లోనూ అవే నంబర్లు. కానీ అది ప్రధానంగా సూచిక, వెనకున్న చిన్న నిఘంటువు ఒక పదానికి ఉన్న అర్థాలన్నీ వరసగా ఇస్తుంది, మీ వచనంలో ఏది వర్తిస్తుందో చెప్పదు. తెలుగు రానివాడొకడు "పట్టు" అనే మాట నిఘంటువులో చూసి, అక్కడ మొదట ఉన్న అర్థం తీసుకుని, "అతను పట్టు విడవలేదు" అంటే చీర విడవలేదని ప్రసంగం చేస్తే ఎలా ఉంటుంది? మనం గ్రీకుతో చేస్తున్నది చాలాసార్లు అదే.

రెండో బోల్తా, మాటను విరగ్గొట్టి అర్థం చెప్పడం. ఎక్లేసియా అంటే "ఎక్" బయటికి, "కాలెయో" పిలవడం, కాబట్టి సంఘం అంటే లోకంలోంచి బయటికి పిలవబడినవాళ్లు అని ఎన్నిసార్లు విన్నామో. అపొస్తలుల కార్యములు 19:32లో ఎఫెసులో అర్తెమి కోసం అరుస్తూ, ఎందుకొచ్చామో కూడా తెలియని ఆ గుంపుకు లూకా వాడిన మాట ఎక్లేసియానే, తెలుగులో "సభ" అని వేశారు, సరైన పనే. ప్రవీణుడు అనే మాట వీణ నుంచి వచ్చిందంటారు, అలాగని లెక్కల్లో ప్రవీణుడి చేతికి వీణ ఇవ్వం కదా. శక్తి అనే అర్థమున్న గ్రీకు మాట దునామిస్ అంటే డైనమైట్ అనేది ఇంకా తలకిందుల వ్యవహారం, నోబెల్ 1867లో తన పేలుడు పదార్థానికి ఆ గ్రీకు మాట మీద పేరు పెట్టుకున్నాడు, పౌలుకు ఆ పేలుడు తెలియదు.

మరి స్ట్రాంగ్స్ దేనికి పనికొస్తుంది? ఒక పని బ్రహ్మాండంగా చేస్తుంది: ఈ మాట ఇదే రచయిత ఇంకెక్కడ వాడాడు? యోహాను 3:3లో "క్రొత్తగా జన్మించితేనే కాని" అన్నచోట ఉన్న పదం అనోథెన్. కొన్ని ఇంగ్లీషు బైబిళ్లలో "పైనుండి" అని ఉంటుంది. నంబరు నొక్కి యోహానులో మిగతా చోట్లు చూడండి, అదే అధ్యాయం 31వ వచనంలో "పైనుండి వచ్చువాడు" దగ్గర మళ్లీ అదే మాట దొరుకుతుంది. యేసుతో మాట్లాడుతున్న నీకొదేము "మళ్లీ" అని విన్నాడు, తల్లి గర్భంలోకి రెండోసారి ఎలా అని అడిగాడు, యేసు మాటలో "పైనుండి" కూడా ఉంది, మాటకున్న రెండు అర్థాల మీదే ఆ సంభాషణ నడుస్తోంది. 8వ వచనంలో గాలికీ ఆత్మకీ గ్రీకులో ఒకటే మాట కావడం కూడా ఇలాంటిదే. ఏ అనువాదమూ దీన్ని ఒక్క మాటలో పట్టుకోలేదు, దానికి వాళ్లను తిట్టి లాభం లేదు. నంబరును అర్థం కోసం కాకుండా చిరునామాల కోసం వాడితే ఇలాంటివి దొరుకుతాయి.

వ్యాఖ్యానాలు, గమనికల బైబిళ్లు

వ్యాఖ్యానం చివర్లో తెరవాలి. ముందే తెరిస్తే వచనం చదివేటప్పుడు వ్యాఖ్యానం రాసినాయన గొంతే వినిపిస్తుంది. కొనేముందు ఒక కష్టమైన వచనం దగ్గర తెరిచి చూడండి, ఎదుటివాడి వాదన కూడా న్యాయంగా చెప్పి ఆ తర్వాత తన మాట చెప్తే కొనొచ్చు, "మూలంలో ఇలా ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వదిలేయొచ్చు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకు నెట్ (NET) బైబిల్ అనే అనువాదం మంచి దారి, అనువాదకులే ఇక్కడ ఇలా ఎందుకు రాశామో, ఇంకెలా రాయొచ్చో అరవై వేలకు పైగా గమనికల్లో చెప్పారు, ఆన్‌లైన్‌లో ఉచితం. యెషయా 7:14లో "కన్యక" అన్నచోట హీబ్రూలో ఉన్న అల్మా అంటే యువతి, గ్రీకు అనువాదంలో పార్థెనొస్ అంటే కన్య, మత్తయి 1:23లో ఎత్తింది ఆ గ్రీకు మాట, ఇలాంటి మూడు పొరల వ్యవహారం నంబర్లతో తేలదు, గమనికలే చదవాలి.

ఫోన్‌లో ఏఐని అడిగేవాళ్లు కూడా ఉన్నారిప్పుడు. అడగండి, కానీ అది చెప్పిన ప్రతి వచనమూ తెరిచి చూడండి, లేని వచనాన్ని కూడా అంతే ధీమాగా చెప్తుంది.

గ్రీకు, హీబ్రూ నేర్చుకోవడమే మంచిది కదా అంటారా, ఓపిక ఉంటే నేర్చుకోండి. కానీ నేర్చుకున్నవాళ్లు నాకు చెప్పేది ఒకటే, రహస్యాలేమీ బయటపడలేదు, అంతకుముందు ధైర్యంగా చెప్పిన మాటలు కొన్ని చెప్పడం మానేశాం అని. అన్నట్టు బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోము హీబ్రూ బాగా నేర్చినవాడే. అయినా నిర్గమ 34లో మోషే ముఖం ప్రకాశించిందన్న మాటకు, అది కొమ్ము అనే మాటకు దగ్గరిది కావడంతో, లాటిన్‌లో కొమ్ములు వచ్చేలా రాశాడు, రోములో మైఖెలాంజెలో చెక్కిన మోషే తల మీద ఆ రెండు కొమ్ములు ఇప్పటికీ చూడొచ్చు.

మరి ఎవరికి ఏది

రోజూ చదువుకునేవాళ్లకు వాడుక భాష అనువాదం ఒకటి, పక్కన ఓవీ, చాలు. నంబర్ల జోలికి పోనక్కర్లేదు. ఆదివారం పిల్లలకు చెప్పేవాళ్లకు కూడా అంతే, కాకపోతే "శోధన", "నీతి", "శరీరము" లాంటి మాటలు బైబిల్లో ఒక అర్థంతో, బయట ఇంకో అర్థంతో నడుస్తాయని గుర్తుంచుకుంటే చాలు. స్టడీ నడిపేవాళ్లకూ ప్రసంగించేవాళ్లకూ మూడు అనువాదాలు, వచనాల చిరునామాల కోసం స్ట్రాంగ్స్, గమనికలున్న బైబిలు ఒకటి, వ్యాఖ్యానాలు కనీసం రెండు, అవి ఒకదానితో ఒకటి ఒప్పుకోనివైతే మరీ మంచిది. వాదనకు దిగేవాళ్లకు మాత్రం ఏ పుస్తకం చెప్పాలో నాకు తోచడం లేదు, వాళ్లకు అన్నిట్లోనూ కావాల్సిందే దొరుకుతుంది.

ఏ వర్గంవాళ్లయినా, "గ్రీకులో దీని అసలు అర్థం" అనే మాట నోట్లోకి వచ్చినప్పుడు ఒక్క పని చేయండి: అదే పదం ఉన్న ఇంకో రెండు వచనాల్లో ఆ అర్థం పెట్టి చదవండి. కుదిరితే చెప్పండి. అగపావోకు నేను ఇచ్చిన అర్థం దేమా దగ్గర పెట్టి చదివి ఉంటే ఆ రాత్రే దొరికిపోయేవాణ్ని.

ఆ తర్వాతి వారం స్టడీలో నిలబడి, పోయినసారి చెప్పింది అంత గట్టిగా చెప్పాల్సింది కాదని, 3:35, 5:20 రెండూ చదివి వినిపించాను. పెద్దాయన తలూపారు. నోట్స్ రాసుకున్న ఇద్దరిలో ఒకతను పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు. ఇంకొకతను "అయినా మీరు ముందు చెప్పిందే బాగుందన్నా" అన్నాడు, అతను ఇప్పుడు ఎక్కడో ప్రసంగాలు చేస్తున్నాడని విన్నాను.